ఎగ్మూరు మ్యూజియంలో ఒక శనివారం



ఊరి పేరు చెన్నై అయినా తిరుత్తణి వైపు మా ఇళ్ళలో అది ఇంకా మద్రాసే. అక్కడి ఎగ్మూరు మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుకని శనివారం చూసుకుని ఎనిమిదో తరగతి పిల్లలతో పొద్దున్నే బండెక్కాను. అరక్కోణం దాటాక తిరువాలంగాడు స్టేషను వచ్చింది. పులిహోర పొట్లాలు విప్పే హడావుడిలో ఎవరూ కిటికీలోంచి చూడలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

1851లో మొదలైన ఆ మ్యూజియంలో పిల్లలు ముందు తిమింగలం ఎముకల దగ్గరికే పరుగెత్తుతారు. మావాళ్ళూ అంతే. అక్కణ్ణించి అమరావతి శిల్పాల గదికి తీసుకురావడానికి నా గొంతు పోయింది.

అక్కడ గుండ్రటి రాతి ఫలకం ఒకటుంది. రాజగృహం వీధిలో నాలగిరి అనే ఏనుగు మదించి మనుషుల్ని తొక్కుతోంది. ఒక స్త్రీ భయంతో పక్కవాణ్ణి పట్టుకుంది. మేడల మీద జనం తొంగిచూస్తున్నారు. అదే ఫలకంలో ఇటు పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. "సార్, రెండు ఏనుగులా?" అని ఒకడడిగితే, "కాదురా, ఒకటే, సినిమాలో లాగా" అని వెనకనుంచి ఒక అమ్మాయి చెప్పింది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

తర్వాత అదే అమ్మాయి, "సార్, గుంటూరు రాళ్ళు ఇక్కడెందుకున్నాయి?" అంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త పట్నం కట్టించే రోజుల్లో ఆ దిబ్బనుంచి రాళ్ళు తరలిపోయాయి. 1797లో మెకంజీ దొర చూశాడు. 1845లో ఎలియట్ తవ్వించి మద్రాసుకు పంపాడు. అప్పుడు గుంటూరుకూ మనకూ మద్రాసే రాజధాని కదా! వాటిలో చాలా రాళ్ళు 1859లో ఓడెక్కి లండను పోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

రాళ్ళమీది రాత తెలుగూ కాదు, అరవమూ కాదు. అది బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. అయితే అమరావతిలోనే దొరికిన ఒక రాతి ముక్క మీద 'నాగబు' అన్న తెలుగు మాట ఉందని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించారు. బోర్డు మీద రాసి చూపిద్దామంటే బోర్డు లేదు. కాగితం మీద తెలుగులో రాశాను. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు, సగం మంది చదవలేకపోయారు. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చాక వీళ్ళకు తెలుగు అక్షరాలు దిద్దించేవాళ్ళు తగ్గిపోయారు. తమిళం రావాలి, నేనూ అదే నేర్పుతాను. కానీ ఆ కాగితం జేబులో పెట్టుకుంటుంటే సిగ్గేసింది.

కంచు విగ్రహాలు వేరే భవనంలో ఉన్నాయి. అక్కడి నటరాజు ముందు పలకను ఒకడు తమిళంలో గట్టిగా చదివాడు. "తిరువాలంగాడు!" అందరూ నా వైపు తిరిగారు. అవును, పొద్దున దాటివచ్చిన తిరువాలంగాడే. చోళుల కాలపు పోత. ఫ్రాన్సులో రోడా అనే మహాశిల్పి దీని ఫోటోలు చూసే పరవశించి రాసిన వ్యాసం, ఆయన పోయాక 1921లో అచ్చయింది. మా తాలూకా 1911 నుంచి చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మా నాన్నగారు కదలకుండానే రాష్ట్రం మారారని పిల్లలకు చెబితే నవ్వారు.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. తిరువాలంగాడులో బండి ఆగగానే పిల్లలంతా ఒకే కిటికీ దగ్గర చేరారు. ఆ అమ్మాయి మాత్రం నా పక్కన కూర్చుని, "సార్, ఆ కాగితం ఇవ్వండి, మా అవ్వ చేత చదివిస్తాను" అని అడిగింది.