ట్యాంకుకు కళ్ళు మా బందరువి

కొందరికి పట్టుచీరల పిచ్చి, కొందరికి స్టీలు సామాన్ల పిచ్చి. నాకు ట్యాంకుల పిచ్చి. డాబా మీది నీళ్ళ ట్యాంకు కాదండీ, యుద్ధంలోకి వెళ్ళే ట్యాంకు. మాది పెడన అనగానే ఎవరైనా కళంకారీ దుప్పటి ఎంతకొస్తుందని అడుగుతారు. నేనేమో వాళ్ళింట్లో పాత యుద్ధాల పుస్తకాలేమైనా ఉన్నాయా అని అడుగుతాను. "ఆ ఇనప రాక్షసులతో నీకేం పనే తల్లీ!" అని మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ బుగ్గలు నొక్కుకునేవారు. మా మేనల్లుడు మాత్రం నా పార్టీ. వాడు ఫిరంగి గొట్టం పొడవూ, ఉక్కు రేకు మందమూ ఎక్కాల్లా అప్పజెబుతాడు. నేను వాణ్ణి అడిగేది ఒకటే: "లోపల కూర్చున్నవాడికి బయట ఏం కనిపిస్తుందిరా?"

ఈ ప్రశ్న నాకు వంటింట్లో పుట్టిందనే అనుకుంటాను. మూత పెట్టిన గిన్నెలో ఏం జరుగుతోందో తెలియకే కదా మనం పదిసార్లు మూత తీసి చూస్తాం! యుద్ధంలో అలా మూత తీస్తే తల ఎగిరిపోతుంది. తియ్యకపోతే ఎదురుగా గొయ్యి ఉందో, శత్రువు ఉన్నాడో తెలీదు. ట్యాంకు పుట్టినప్పటినుంచీ దానికున్న రోగం ఇదే.

మొట్టమొదటి ట్యాంకులు 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో సోమ్ యుద్ధభూమిలో కదిలాయి. వాటి పేరే ఒక బొంకు. రహస్యం బయటపడకుండా ఇంగ్లీషువాళ్ళు ఇవి మెసొపొటేమియాకి నీళ్ళు మోసే తొట్లు అని చెప్పుకున్నారు. ఆ 'తొట్టి' అన్న పేరే నిలిచిపోయింది. ఇంకో తమాషా వినండి. వాటిలో మగ ట్యాంకులని, ఆడ ట్యాంకులని రెండు జాతులు! ఫిరంగులున్నది మగది, ఒట్టి మరతుపాకులున్నది ఆడది. మగదాని బరువు 28 టన్నులు, ఆడదానిది ఒక టన్ను తక్కువ. ఈ పేర్లు పెట్టినవారి ఇంట్లో ఆడవాళ్ళు ఏమనుకున్నారో చరిత్రకారులెవరూ రాయలేదు.

ఆడదైనా మగదైనా లోపల నరకమే. ఎనిమిది మంది మనుషులు, వాళ్ళ మధ్యనే ఇంజను. వేడి యాభై డిగ్రీల దాకా పోయేది. మాట వినపడక, ఇంజను కప్పు మీద సుత్తితో కొట్టి ఒకరికొకరు సైగలు చేసుకునేవారు. చూడడానికి ఉన్నవి సన్నని చీలికలు. బయట తూటా తగిలితే ఆ చీలికల్లోంచి కరిగిన సీసం, ఇనప రవ్వలు మొహం మీదకి చిమ్మేవి. అందుకని తోలు ముసుగుకి సన్న గొలుసుల జాలరు కుట్టి ముఖానికి తగిలించుకున్నారు. అసలే చీలిక, దాని మీద జాలరు. ఇక కనిపించేదెంత చెప్పండి?

ఆ రోజుల్లోనే రష్యావాళ్ళు మరో వింత చేశారు. దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తు చక్రాలు ముందు రెండు, వెనక చిన్న దొర్లుడు చక్రం. చూడడానికి ఎవరో తిరగేసి నిలబెట్టిన రథంలా ఉంటుంది. 1915లో పరీక్షకి తీస్తే వెనక చక్రం మెత్తని నేలలో దిగబడి కూర్చుంది. లాగినా రాలేదు. చివరికి 1923లో తుక్కు కింద విప్పేశారు. మా బందరు బురద ఒక్కసారి చూసి ఉంటే వాళ్ళు ఆ డబ్బు దండగ చేసుకునేవారు కాదని నా అభిప్రాయం.

బురద మాట వచ్చింది కాబట్టి మా ఊరి వైపు వస్తాను. చూపు లేని ఆయుధం ఎంత పెద్దదైనా ఏమీ చెయ్యలేదని ట్యాంకులు పుట్టడానికి నూట యాభై ఏళ్ళ ముందే బందరు కోటలో తేలిపోయింది. పెడనకి దగ్గరే.

1759లో ఆ కోట ఫ్రెంచివాళ్ళది. అధికారి పేరు కాన్‌ఫ్లాన్స్. లోపల నూట ఇరవై ఫిరంగులు, సుమారు అయిదొందల మంది ఫ్రెంచివాళ్ళు, రెండున్నర వేలమంది సిపాయిలు. బయట ముట్టడి వేసింది కల్నల్ ఫోర్డ్. ఆయన అంతకుముందు డిసెంబరులో చందుర్తి దగ్గర ఇదే కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించి, విజయనగరం ఆనంద గజపతి రాజును వెంటేసుకుని వచ్చాడు. రావడమైతే వచ్చాడుగానీ చేతిలో డబ్బు లేదు, జీతాల కోసం సోల్జర్లు తిరగబడ్డారు. అటు బెజవాడ వైపునుంచి సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో కదిలి వస్తున్నాడు. ఏప్రిల్ మొదటి వారంలో లెక్క చూస్తే మిగిలిన మందుగుండు రెండు రోజులకే సరిపోతుందట. ఇల్లు నడిపేవాళ్ళకి ఈ లెక్క తెలుసు. డబ్బాలో బియ్యం రెండు రోజులకే ఉంటే మూడో రోజు సంగతి మొదటి రోజునే ఆలోచించాలి.

కోట చుట్టూ ఉన్నది పొలం కాదు, సముద్రపు ఆటుపోట్లకి నానే బురదనేల. నైరుతి వైపు మరీ ఊబి. అటునుంచి మనిషన్నవాడు రాలేడని కోటవాళ్ళ ధీమా. ఏప్రిల్ 7 రాత్రి, నీరు తీసే వేళ చూసుకుని, ఫోర్డ్ సరిగ్గా ఆ ఊబిలోకే కెప్టెన్ నాక్స్‌ను పంపాడు. అది బూటకపు దాడి. గుమ్మం వైపు రాజుగారి మనుషులు గోల చేశారు. అసలు దాడి ఈశాన్యపు మూల బురుజు మీద. ఆ బురుజు పేరు 'ఊసరవెల్లి'! మోకాటి లోతు బురదలో నడుచుకుంటూ వెళ్ళి ఎక్కేశారు. నూట ఇరవై ఫిరంగులుండీ ఏం లాభం? చీకట్లో ఎవరు ఎటునుంచి వస్తున్నారో కాన్‌ఫ్లాన్స్‌కి కనపడలేదు. ఒకచోటికి పంపిన మనుషుల్ని ఇంకోచోటికి పిలుస్తూ, ఆ ఉత్తర్వు రద్దు చేస్తూ తెల్లవారకముందే లొంగిపోయాడు. లొంగినవాళ్ళ సంఖ్య గోడ ఎక్కినవాళ్ళకంటే ఎక్కువ.

చీకటి గెలిచినవాళ్ళనీ భయపెట్టింది సుమండీ. గోడ మీద పరుగెడుతున్న కెప్టెన్ యార్క్ మనుషులకి ఒక చిన్న మందుకొట్టు కనిపించింది. ఎవరో "మందుపాతర!" అని అరిచారు. అంతే, అందరూ వెనక్కి పరుగో పరుగు. యార్క్ నానా తిట్లూ తిట్టి వాళ్ళని మళ్ళీ పోగుచేయాల్సి వచ్చింది. ఆ తరవాత పాపం ఆయన రెండు తొడల్లోనూ తూటాలు దిగాయి.

వారం తిరక్కుండానే ఫ్రెంచివాళ్ళ సాయం ఓడల మీద వచ్చింది. కోట మీద అప్పటికే ఇంగ్లీషు జెండా. మే 14న సలాబత్ జంగ్ బందరు సీమను కంపెనీకి రాసిచ్చేశాడు. ఒక్క రాత్రి కళ్ళు కనపడకపోవడం వల్ల మన ముత్తాతల తాతల జాతకం మారిపోయింది. తరవాత 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరులోనూ చుట్టుపక్కలా ముప్ఫై వేలమంది పోయారు. ఆ తరవాత కోటలో సైన్యం కూడా నిలవలేదు.

ఇక అదే బందరులో రెండో కథ. 1926లో అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అని ఒకటి పెట్టారు. కాలేజీల లాబొరేటరీలకి కావలసిన పరికరాలు చేసేది. కొంతకాలానికి అదీ జబ్బు పడితే 1983లో రక్షణశాఖకి చెందిన భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇప్పుడు అక్కడ తయారయ్యేవి సైన్యానికి రాత్రిపూట చూపునిచ్చే పరికరాలు. ట్యాంకు నడిపేవాడికి ఒకటి, గురిచూసేవాడికి ఒకటి, కమాండరుకి ఒకటి.

అద్దం అరగదీయడం ఎంత ఓపిక పనో మా పెడనవాళ్ళకి చెప్పక్కర్లేదు. టేకు అచ్చు మీద ఒక పువ్వు చెక్కి, రెండో రంగు అచ్చు సరిగ్గా దాని మీదే కూర్చునేలా అద్దడంలో ఒక్క గీత జరిగితే బట్టంతా పాడవుతుంది. లెన్సు పనిలో ఆ గీతకూ చోటు లేదు. మిల్లీమీటరులో రెండు వేలవ వంతు కూడా అక్కడ పెద్ద తేడాయే. సరిచూడడానికి దాని మీద సరైన అద్దం పెట్టి చూస్తారు. నీళ్ళ మీద నూనె చుక్కలాగా రంగుల వలయాలు కనిపిస్తాయి. వలయం గుండ్రంగా ఉంటే పనైనట్టు, వంకర పోతే మళ్ళీ అరగదీయాల్సిందే.

రాత్రి చూపు కోసం మొదట్లో ట్యాంకు మీద మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ దీపం బిగించేవారు. అలాంటి కళ్ళద్దమే శత్రువు దగ్గరా ఉంటే? దొంగ లాంతరు వెలిగించుకుని దొంగతనానికి బయల్దేరినట్టే. తరవాత చుక్కల వెలుతురునే వేల రెట్లు పెంచి చూపే గొట్టాలు వచ్చాయి. వాటిలో బొమ్మంతా పచ్చగా ఉంటుంది, ఎందుకంటే మన కన్ను పచ్చరంగులోనే ఎక్కువ తేడాలు పట్టగలదు. ఆ పైన వచ్చింది వేడిని చూసే యంత్రం. దానికి వెలుతురే అక్కర్లేదు. ఇంజను ఆపిన బండి, మనిషి ఒంటి వెచ్చదనం, ఇప్పుడే ఆర్పిన పొయ్యి, అన్నీ కనిపిస్తాయి.

ఇవి లేనప్పుడు ఏమయ్యేదో 1971లో రాజస్థాన్ ఎడారిలో లోంగేవాలా దగ్గర చూశాం. డిసెంబరు 4 రాత్రి నలభైకి పైగా పాకిస్తాన్ ట్యాంకులు వచ్చి పడ్డాయి. మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గర ఉన్నది నూట ఇరవై మంది. మన హంటర్ విమానాలకి రాత్రి చూపు లేదు, తెల్లవారేదాకా ఎగరలేవు. ఆ తెల్లవారేదాకా ఆ నూట ఇరవై మంది ఎలా గడిపారో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళని కాపాడిందాంట్లో చీకటికీ వాటా ఉంది. అవతలి ట్యాంకులకి ఇసకలో ముళ్ళతీగ కనిపించింది. మందుపాతరలున్నాయని ఆగిపోయారు. రెండు గంటలు వెతికితే ఒక్కటీ లేదు. బందరు కోట గోడ మీది అరుపూ ఇదేగా అనిపించి నేను ఆ పుస్తకం పక్కనపెట్టి కాసేపు కూర్చున్నాను. పొద్దు పొడవగానే హంటర్లు వచ్చాయి.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గర సారథ్ అనే బండి ఉంది. మెదక్ ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో, సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో, 1987 నుంచీ చేస్తున్నారు. నమూనా రష్యాది, పేరు మనది. నడిపే ముగ్గురు కాక ఏడుగురు సిపాయిలు పడతారు. పద్నాలుగు టన్నుల బరువుండీ నీళ్ళలో ఈదుతుంది! కాలవలూ డ్రెయిన్లూ దాటుకుంటూ బతికే మన కృష్ణా జిల్లావాళ్ళకి ఇది బాగా నచ్చాల్సిన బండి. నీళ్ళలో దిగేముందు ముక్కు దగ్గర ఒక పలక లేపుతారు, లేకపోతే అల లోపలికొస్తుంది. కానీ ఆ పలక డ్రైవరు కంటికి అడ్డం. అందుకని మామూలు అద్దం తీసేసి, మెడ పొడుగున్న ఇంకో పెరిస్కోపు పెట్టుకుంటాడు. రాత్రయితే అక్కడే రాత్రి చూపు పరికరం. ఒకే కిటికీకి మూడు కళ్ళు. మా మేనల్లుడు ఆ బండి మీది 30 మిల్లీమీటర్ల ఫిరంగి గురించి చెప్పబోతే నేను చెయ్యెత్తి ఆపి ఈ మూడు కళ్ళ సంగతే మూడుసార్లు చెప్పించుకున్నాను.

2025 అక్టోబరు 16న పామర్రు దగ్గర నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారి కొత్త రాత్రి చూపు పరికరాల ఫ్యాక్టరీని ప్రధానమంత్రి కర్నూలు నుంచి జాతికి అంకితం చేశారు. దాదాపు 360 కోట్ల ఖర్చు. వేడిని చూసే యంత్రాలకి మామూలు గాజు పనికిరాదు, వేడి కిరణాలు గాజులోంచి రావు. జెర్మేనియం అనే లోహంలాంటి దాన్ని లెన్సుగా అరగదీస్తారు. అది కొత్తగా తోమిన స్టీలు పళ్ళెంలా మెరుస్తుంది, మన కంటితో చూస్తే దాని అవతల ఏమీ కనపడదు. ఎడారి ఇసక గీతలు పెట్టకుండా అలాంటి అద్దాల పైముఖానికి వజ్రంలాంటి గట్టి కార్బను పొర పూస్తారు. ఒకప్పుడు కొల్లూరు గనుల వజ్రాలకి రేవు బందరు.