తాత బీరువాలో నగిషీ రివాల్వర్: వారసులు ఏం చేయాలి, విలువ ఎలా కట్టాలి, ఎలా అమ్మాలి?

ప్రొద్దుటూరులో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటి పెద్దాయన ఇంతెకాల్ అయ్యారు. జనాజా అయిన కొన్ని రోజులకు పిల్లలు బీరువా సర్దుతుంటే అడుగు అరలో గుడ్డలో చుట్టిన రివాల్వర్ బయటపడింది. చట్రం మీద తీగల నగిషీ, గొట్టం మీద ఇంగ్లండ్ కంపెనీ పేరు, పక్కనే పాత లైసెన్సు పుస్తకం, ఓ డబ్బాలో కొన్ని తూటాలు ఉన్నాయి. పెద్ద కొడుకు ప్రొద్దుటూరులోనే ఉంటాడు. కూతురి మెట్టినిల్లు జమ్మలమడుగు. చిన్న కొడుకు వ్యాపారం పులివెందులలో. ముగ్గురూ అడిగేది ఒకటే: "దీనికి ఎంత వస్తుంది?"

అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది. ఇవాళ ఈ రివాల్వర్ చట్టప్రకారం ఎవరి దగ్గర ఉండొచ్చు? దీనికి జవాబు దొరక్కుండా విలువ గురించి మాట్లాడుకుని లాభం లేదు. బంగారానికి కాగితం లేకున్నా తూకానికి ధర వస్తుంది. తుపాకీకి కాగితం లేకపోతే ధర రాదు, కేసు వస్తుంది.

లైసెన్సు మనిషితోనే పోతుంది

మన దేశంలో తుపాకీలకు వర్తించేది 1959 ఆయుధ చట్టం. దాని కింద ఇప్పుడు నడుస్తున్నవి 2016 ఆయుధ నియమాలు. లైసెన్సు ఇచ్చేది మనిషికి, ఇంటికి కాదు. తండ్రి పేరున ఉన్న లైసెన్సు ఆయన పోయాక కొడుకుకు దానంతట అదే రాదు. రివాల్వర్ ఆస్తిగా వారసులదే అయినా, దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు మాత్రం విడిగా తెచ్చుకోవాలి.

లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 2 ఏళ్లు, గరిష్ఠం 5 ఏళ్లు. నిషేధిత రకం అయితే కనీసం 7 ఏళ్లు. "నాన్న గుర్తుగా పెట్టుకున్నాం" అన్న మాట శిక్ష నుంచి కాపాడదు.

కడప జిల్లాలో ఈ విషయం మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఫ్యాక్షన్ రోజుల నుంచి ఇక్కడ లైసెన్సు ఆయుధాల లెక్క మీద అధికారుల కన్ను ఉంది. 2023 మార్చిలో పులివెందుల పట్టణంలో కాల్పులు జరిగి ఒకరు ప్రాణం కోల్పోయారు. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ లైసెన్సుదారులు తుపాకీలు స్టేషన్‌లో జమ చేయడం ఇక్కడి కుటుంబాలకు తెలిసిందే. కాబట్టి మీ తాత రివాల్వర్ మీకు కొత్తేమో గానీ రికార్డుకు కొత్త కాదు.

మొదటి పని: జమ చేసి రసీదు తీసుకోవడం

చట్టంలోని సెక్షన్ 21 ఈ పరిస్థితి కోసమే ఉంది. లైసెన్సుదారు చనిపోయినా, లైసెన్సు గడువు తీరినా, ఆయుధాన్ని అనవసర ఆలస్యం లేకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. జమ చేసినంత మాత్రాన ఆస్తి పోదు. లైసెన్సు వచ్చాక తిరిగి తీసుకోవచ్చు, అర్హత ఉన్నవారికి అమ్మనూ వచ్చు. అయితే దీనికి గడువు ఉంటుంది. గడువులోగా తీసుకోకపోతే, అమ్మకపోతే కలెక్టర్ ఉత్తర్వుతో ప్రభుత్వానికి జప్తు అవుతుంది. అందుకే జమ చేసిన రోజే గడువు ఎప్పటిదాకా అని అడిగి రాసుకోవాలి.

రివాల్వర్‌ను సంచిలో వేసుకుని బండి మీద బయలుదేరవద్దు. ముందు స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలపండి. ఎలా తేవాలో, లేక వాళ్లే ఇంటికి వస్తారో అడగండి. ఈలోగా ట్రిగ్గర్ ముట్టుకోవద్దు. ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా లోపల తూటా ఉందనుకునే మెలగాలి. పిల్లలకు అందకుండా తాళం వేయాలి. డబ్బాలోని పాత తూటాలకూ ఇదే చట్టం. వాటినీ లెక్కపెట్టి జమ చేయాలి.

రసీదులో నాలుగు సంగతులు ఉండాలి: కంపెనీ పేరు, బోరు, సీరియల్ నంబరు, ఇప్పుడున్న స్థితి. నగిషీ ఉందన్న మాట కూడా రాయించుకోండి. రెండు వైపులా ఫోటోలు తీసి రసీదుతో కలిపి పెట్టండి. నెలల తరబడి మాల్ఖానాలో ఉంటే తుప్పు పట్టే భయం ఉంటుంది. విలువైన ముక్క అనిపిస్తే రుసుము కట్టి డీలర్ దగ్గర ఉంచడమే మేలు.

లైసెన్సు పుస్తకం దొరకకపోతే కంగారు పడొద్దు. పాత ఎన్నికల్లో జమ చేసినప్పటి రసీదులు వెతకండి. వాటిలో తుపాకీ నంబరు ఉంటుంది. కలెక్టరేట్‌లోని ఆయుధ విభాగంలో, స్టేషన్ రికార్డులో కూడా అడగొచ్చు. అసలు ఎప్పుడూ లైసెన్సే లేదని తేలితే మాత్రం ముందు వకీలును కలిసి, ఆయన ద్వారానే పోలీసులకు అప్పగించాలి. అటువంటి ఆయుధాన్ని అమ్మే దారి వెతకడమే ప్రమాదం.

"పాతది కదా" అంటే సరిపోదు

వందేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఇది తప్పు. సెక్షన్ 45 మినహాయింపు ఇచ్చేది పాతకాలపు నమూనా, పురావస్తు విలువ ఉన్నది, పాడైపోయినది అయి ఉండి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధానికే. తూటా కూర్చుని పేలే స్థితిలో ఉంటే 1900 నాటిదైనా అది ఆయుధమే. పనికొస్తుందో లేదో ఇంట్లో తేల్చుకునే సంగతి కాదు. నిపుణుడు చూసి చెప్పాలి.

వందేళ్లు దాటితే ఇంకో చట్టం కూడా గుర్తుంచుకోవాలి. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 2023 మేలో టిప్పు సుల్తాన్ ఖడ్గం లండన్‌లోని బోన్‌హామ్స్ వేలంలో 1 కోటి 40 లక్షల పౌండ్లు పలికిందని విన్నవారికి "మనదీ లండన్ పంపితే?" అని ఆశ పుట్టవచ్చు. కానీ ఆ ఖడ్గం రెండు శతాబ్దాల కిందటే దేశం దాటింది. మీ బీరువాలోని రివాల్వర్‌కు కొనేవాడు ఈ దేశంలోనే దొరకాలి.

విలువ ఎలా కడతారు

ప్రొద్దుటూరు అంటే బంగారం అంగళ్లు. నగిషీ కనబడగానే, వెండి తీగ మెరవగానే "షరాబుకు చూపిద్దాం" అనిపించడం సహజం. అలా చేయొద్దు. ఒకటి, లైసెన్సు లేకుండా బజారుకు తీసుకెళ్లడమే నేరం. రెండు, షరాబు చెప్పగలిగేది లోహం తూకం ధర మాత్రమే. రివాల్వర్ విలువ వెండిలో ఉండదు. మూడు, మెరుగు పెట్టించే క్రమంలో సీరియల్ నంబరు అరిగిపోతే సెక్షన్ 8 కింద కొత్త తలనొప్పి మొదలవుతుంది. నంబరు చెరిపివేయడమూ, అలా చెరిగిన తుపాకీని అమ్మడమూ నిషేధం.

తెలిసినవారు విలువ కట్టేటప్పుడు ఈ వరసలో చూస్తారు.

ఒకటి, బోరు. సైన్యం వాడిన కొన్ని బోర్లు, అంటే పాయింట్ 455, 9 ఎంఎం లాంటివి, మన దగ్గర నిషేధిత విభాగం కిందకు వస్తాయి. వాటి లైసెన్సు కలెక్టర్ చేతిలో ఉండదు, కేంద్ర హోం శాఖ ఇవ్వాలి. కొనగలిగేవారు చాలా తక్కువ. పాయింట్ 32 బోరు మామూలు లైసెన్సు మీద కొనదగినది. ఒకే కంపెనీ, ఒకే వయసు, ఒకే నగిషీ ఉన్న రెండు రివాల్వర్ల మధ్య బోరు ఒక్కటే ధరను తలకిందులు చేయగలదు.

రెండు, తయారీ. ఇంగ్లండ్ బర్మింగ్‌హామ్‌లోని వెబ్లీ అండ్ స్కాట్, అమెరికాలోని కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ పేర్లకు గిరాకీ ఎక్కువ. 1980ల మధ్య నుంచి ప్రైవేటు వ్యక్తుల కోసం విదేశీ తుపాకీల దిగుమతి దాదాపు ఆగిపోయింది. కొత్తవి రావు కాబట్టి ఉన్న పాత విదేశీ ముక్కలకు ఇక్కడ ధర పెరిగింది. ఇంగ్లండ్ తుపాకీల మీద లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు ఉంటాయి. కలకత్తాలోని మాంటన్ లాంటి పాత అంగడి పేరు చెక్కి ఉంటే అదీ ఒక ఆధారమే.

మూడు, నంబర్లు. చట్రం, గొట్టం, తూటాలు పెట్టే సిలిండర్ మీద ఉన్న నంబర్లు కలవాలి. కలవకపోతే మధ్యలో ఏదో భాగం మార్చారని అర్థం, విలువ తగ్గుతుంది.

నాలుగు, నగిషీ. ఫ్యాక్టరీలోనే చెక్కిందా, తర్వాత ఎవరైనా చెక్కించారా అన్నది పెద్ద తేడా. ఫ్యాక్టరీ పనిలో మామూలుగా చెక్కడం అయ్యాకే నల్లనీలి పూత వేస్తారు, అందుకే గీతల లోపల కూడా పూత ఉంటుంది. తర్వాత చెక్కితే గీతల్లో తెల్ల లోహం బయటపడుతుంది, ఒక్కోసారి అసలు అక్షరాలను కోసుకుంటూ పోతుంది. అలాంటి నగిషీ విలువ పెంచకపోగా తగ్గించవచ్చు. ఎవరికి, ఎప్పుడు బహూకరించారో చెక్కి ఉండి, దానికి తగ్గ ఉత్తరమో ఫోటోనో ఇంట్లో ఉంటే అది వేరే స్థాయి.

ఐదు, స్థితి. పాత పూత సగం పోయినా అసలుది అసలుదే. ఇసుక కాగితంతో రుద్ది తళతళలాడించిన రివాల్వర్‌ను చూసి సేకర్తలు పెదవి విరుస్తారు. ఇంట్లో ఎవరూ తుడవడం, రుద్దడం పెట్టుకోవద్దు.

ఇవన్నీ తెలుసుకోవడానికి రివాల్వర్‌ను ఊరూరూ తిప్పే అవసరం లేదు. ఫోటోలు, సీరియల్ నంబరు చాలు. కోల్ట్ కంపెనీ, స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ రుసుము తీసుకుని పాత రికార్డులు చూసి, ఆ నంబరు ఆయుధం ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు, ఏ రూపంలో బయలుదేరిందో ఉత్తరం ఇస్తాయి. అంచనాను కనీసం ఇద్దరు లైసెన్సు డీలర్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. కొనబోయే డీలర్ చెప్పే ధర ఒక్కటే నమ్ముకోవద్దు.

ఉంచుకోవాలంటే, అమ్మాలంటే

ఉంచుకోవాలనుకుంటే 2016 నియమాల్లోని 25వ నియమం దారి చూపిస్తుంది. లైసెన్సుదారు మరణించాక వారసుడు తన పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వయసు 21 నిండాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్, జమ రసీదు సిద్ధం చేసుకోవాలి. పోలీసు విచారణ నివేదిక వచ్చాక కలెక్టర్ నిర్ణయిస్తారు. ఒక మనిషికి రెండు తుపాకీలకు మించకూడదని 2019 సవరణ చెప్పింది. వారసత్వంగా వచ్చినదీ ఆ రెండింటి లెక్కలోకే వస్తుంది.

అమ్మాలనుకుంటే రెండు దారులు. లైసెన్సు డీలర్‌కు అమ్మడం సులువు, ధర కొంత తగ్గుతుంది. ప్రైవేటు వ్యక్తికి అమ్మితే ధర మెరుగ్గా రావచ్చు, కానీ నియమాలు పాటించాలి. కొనేవారికి ఆ రకం ఆయుధానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, అప్పటికే రెండు తుపాకీలు ఉండకూడదు. సెక్షన్ 5 ప్రకారం, అమ్మే ఉద్దేశాన్ని కొనేవారి పేరు, చిరునామాతో సహా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ దగ్గరలోని స్టేషన్‌కు గానీ రాసి ఇచ్చి, కనీసం 45 రోజులు ఆగాలి. ఆ తర్వాతే చేతులు మారాలి. సెక్షన్ 5కు విరుద్ధంగా అమ్మితే శిక్ష కనీసం 7 ఏళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి బేరమాడటం, "కాగితాలు తర్వాత చూద్దాం" అనే మధ్యవర్తిని నమ్మడం కుటుంబాన్ని జైలు గుమ్మం దాకా తీసుకెళ్లే పనులు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి.

వచ్చిన డబ్బు ఎవరిది

లైసెన్సు ఒక్కరి పేరున వస్తుంది. ఆస్తి మాత్రం అందరిదీ. ఇక్కడే అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య మాట తేడాలు వస్తాయి. రివాల్వర్ కూడా మరహూం వదిలిన తర్కాలో భాగమే. ముందు కఫన్ దఫన్ ఖర్చులు, తర్వాత అప్పులు, చెల్లించని మహర్ ఉంటే అది కూడా, ఆపైన మూడో వంతు మించని వసీయత్. మిగిలినదే వారసులకు.

ఉదాహరణకు ఖర్చులన్నీ పోను రివాల్వర్ మీద 1,60,000 రూపాయలు మిగిలాయనుకుందాం. వారసులు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మాత్రమే. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 20,000. మిగిలిన 1,40,000 ఐదు భాగాలు చేస్తే ఒక్కో భాగం 28,000. కూతురికి ఒక భాగం 28,000, కొడుకులకు రెండేసి భాగాలు, అంటే 56,000 చొప్పున. పెద్ద కొడుకే రివాల్వర్ ఉంచుకుంటే అంచనా ధర లెక్కగట్టి మిగతావారి వాటా చెల్లించాలి. అభ్యంతరం లేదని జమ్మలమడుగులోని చెల్లెలు సంతకం పెట్టింది లైసెన్సు కోసం. ఆమె వాటా వదులుకున్నట్టు కాదు. ఈ రెండూ వేర్వేరు కాగితాలుగా ఉండాలి. మొదటే రాతపూర్వక అంచనా తీసుకోమని చెప్పేది ఇందుకే.

పెద్దవారు ఉండగానే

ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దాయన ఇంకా ఆరోగ్యంగా ఉంటే ఇంత దూరం రానక్కర్లేదు. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు ఆయన దగ్గర ఉన్నా, ఏది ముందైతే అప్పుడు, తాను సూచించిన వారసుడికి లైసెన్సు ఇవ్వమని అడిగే వీలు అదే 25వ నియమంలో ఉంది. లైసెన్సు పుస్తకం ఎక్కడుంది, గడువు ఎప్పటిదాకా, నంబరు ఎంత, ఎవరికి ఇవ్వాలని ఉంది? ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసి ఇంట్లో వాళ్లకు చూపిస్తే చాలు. ఆ కాగితం ఉన్న ఇంట్లో వారసులు బీరువా తెరిచి భయపడరు, ఒకరినొకరు అనుమానించరు.