పాత కారులో రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదా? మోటర్ మార్చే ముందు ఇవి చూడండి

హైవే మీద కారు బాగానే పోతుంది. ఈద్ షాపింగ్ రద్దీలోనో, టోల్‌గేట్ దగ్గరో నాలుగు నిమిషాలు ఆగితే మాత్రం టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కుతుంది. మళ్లీ స్పీడ్ అందుకోగానే దిగుతుంది. పాత మారుతి 800, ఆల్టో, శాంత్రో, ఇండికా నడిపేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన తలనొప్పే. ఇలా జరిగితే మొదట అనుమానించాల్సింది రేడియేటర్ ఫ్యాన్‌నే. అయితే ఫ్యాన్ తిరగనంత మాత్రాన మోటర్ పోయినట్టు కాదు. ఫ్యూజు కాలినా, రిలే పాడైనా, ఒక్క వైరు తుప్పు పట్టినా ఫ్యాన్ ఆగిపోతుంది. వరసగా చూసుకుంటే అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి?

కారు స్పీడుగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు, ట్రాఫిక్‌లో మెల్లగా కదులుతున్నప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. చాలా కార్లలో కూలెంట్ వేడి దాదాపు 95 నుంచి 100 డిగ్రీలకు చేరినప్పుడే ఫ్యాన్ మొదలవుతుంది. కాబట్టి స్టార్ట్ చేయగానే తిరగకపోతే కంగారు పడనక్కర్లేదు. హైవే మీద కూడా ముల్లు దిగకపోతే మాత్రం తప్పు ఫ్యాన్‌ది కాకపోవచ్చు. కూలెంట్ తగ్గడం, థర్మోస్టాట్ ఇరుక్కుపోవడం, వాటర్ పంపు పాడవడం, రేడియేటర్ మూసుకుపోవడం కారణాలు కావచ్చు.

ముందు జాగ్రత్త

వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయకూడదు. లోపల ప్రెషర్ ఉండడం వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లబడే దాకా ఆగాలి. కొన్ని కార్లలో తాళం తీసేసిన తర్వాత కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది. కాబట్టి చేతులు, దుపట్టా, వదులు బట్టలు దూరంగా ఉంచాలి. పిల్లలను బానెట్ దగ్గరికి రానివ్వకూడదు.

వరసగా చూడాల్సినవి

1. కూలెంట్: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నీళ్లు బాగా తగ్గితే సెన్సర్ గాలిలో ఉండిపోయి అసలు వేడిని పట్టుకోదు. అప్పుడు ఇంజిన్ కాగుతున్నా ఫ్యాన్ తిరగదు.

2. ఏసీ పరీక్ష: ఇంజిన్ నడుస్తుండగా ఏసీ ఆన్ చేయండి. ఒకే ఫ్యాన్ ఉన్న చాలా కార్లలో అది వెంటనే తిరగాలి. తిరిగితే మోటర్ బాగుంది, సెన్సర్ వైపు చూడాలి. రెండు ఫ్యాన్లు ఉన్న కార్లలో ఏసీ ఫ్యాన్ ఒక్కటే తిరగవచ్చు. కాబట్టి ఏది తిరుగుతోందో గమనించాలి.

3. ఫ్యూజు: ఫ్యాన్ ఫ్యూజు ఏదో ఫ్యూజు బాక్సు మూత మీద రాసి ఉంటుంది. కాలిపోతే అదే ఆంపియర్‌ది వేయాలి. కొత్తది కూడా కాలితే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా మోటర్ బిగుసుకుపోయింది. పెద్ద ఫ్యూజు, రాగి తీగ వేస్తే ఈసారి కాలేది వైరింగ్.

4. రిలే: హారన్ రిలే మీద అదే నంబర్ ఉంటే దాన్ని తీసి ఫ్యాన్ రిలే చోట పెట్టి చూడండి. ఫ్యాన్ తిరిగితే పాత రిలే పోయినట్టే.

5. డైరెక్ట్ కరెంట్: అసలు తేల్చేది ఈ పరీక్షే. తాళం తీసి, మోటర్ ప్లగ్ విప్పి, బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైరుతో మోటర్‌కు నేరుగా 12 వోల్టులు ఇవ్వాలి. తిరిగితే మోటర్ మార్చే పని లేదు. తిరగకపోతే మోటరే పోయింది. తట్టితే తిరిగి, మళ్లీ ఆగుతుంటే కార్బన్ బ్రష్‌లు అరిగాయని అర్థం. అలవాటు లేనివాళ్లు ఈ పని ఆటో ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవాలి.

6. స్విచ్ లేదా సెన్సర్: పాత కార్బురేటర్ కార్లలో రెండు వైర్ల థర్మో స్విచ్ ఉంటుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, ఆ ప్లగ్ విప్పి రెండు వైర్లు కలిపితే ఫ్యాన్ తిరిగిందా, స్విచ్ పోయింది. ఇంజెక్షన్ కార్లలో ఇలా వైర్లు కలపకూడదు. వాటిలో ఫ్యాన్‌ను నడిపేది కంప్యూటర్. స్కానర్ పెట్టించి సెన్సర్ రీడింగ్ చూడాలి.

7. ఎర్త్, ప్లగ్గులు: పచ్చగా తుప్పు పట్టిన ఎర్త్ వైరు, నల్లగా కరిగిన ప్లగ్ పాత కార్లలో మామూలే. ఎర్త్‌ను గీకి బిగించాలి, కరిగిన ప్లగ్ మార్చాలి.

‘డైరెక్ట్ చేసేద్దాం’ అంటే?

సెన్సర్‌ను పక్కన పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఫ్యాన్ తిరిగేలా కలిపేద్దామని కొందరు ఉస్తాద్‌లు అంటారు. ఇల్లు చేరడానికైతే సరే. కానీ రిలే, ఫ్యూజు లేకుండా కలిపితే ఇగ్నిషన్ స్విచ్, వైర్లు కాలే ప్రమాదం ఉంది. కొత్త మోటర్ వేయిస్తే ఇంకోటి చూడండి. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉంటే ముందు వైపు పెట్టిన కాగితం రేడియేటర్‌కు అతుక్కోవాలి. ఎగిరిపోతే వైర్లు తారుమారై ఫ్యాన్ రివర్స్‌లో తిరుగుతున్నట్టే.

దారిలో వేడెక్కితే

ముల్లు ఎక్కడం మొదలవగానే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. ఉక్కపోసినా ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. ముల్లు ఎరుపు తాకినా, ఆవిరి వచ్చినా పక్కకు ఆపి ఇంజిన్ బంద్ చేయాలి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు పోయకూడదు. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా’ అని లాగిస్తే హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది. రిలేతో పోయే ఖర్చు ఇంజిన్ పని దాకా వస్తుంది.

ఊరికి నికాహ్‌కో, దావత్‌కో బయలుదేరే ముందు రోజే, తలుపులు తెరిచి ఉన్న ఖాళీ జాగాలో ఏసీ లేకుండా ఇంజిన్ ఆన్‌లో ఉంచండి. ముల్లు మీద కన్నేసి ఉంచి ఫ్యాన్ చప్పుడు కోసం వినండి. మామూలు చోటు దాటి ముల్లు ఎక్కుతున్నా చప్పుడు రాకపోతే ఇంజిన్ ఆపేసి, ప్రయాణం కంటే ముందు రిపేరు చేయించండి.