పసిపిల్లల మెదడు క్షయ: మందు నడిచి వచ్చిన దారి

క్షయ అనగానే మన తరం వారికి దగ్గు, రక్తం, శానిటోరియం గుర్తుకు వస్తాయి. కాని ఆ క్రిములు రక్తం ద్వారా పసిబిడ్డ మెదడు పొరలకు చేరినప్పుడు అసలు దగ్గే ఉండకపోవచ్చు. సన్నజ్వరం, వాంతులు, ఆటమీద ధ్యాస లేకపోవడం, ఊరికే చిరాకు పడటం. కొద్ది రోజులు గడిచాక ఫిట్స్, మెడ బిగుసుకోవడం, స్పృహ తప్పడం. దిష్టి అనీ, గాలి సోకిందనీ పెద్దలు అనుకున్నారంటే వారిని తప్పు పట్టలేము.

ఎడిన్‌బరో వైద్యుడు రాబర్ట్ విట్ ఈ జబ్బును వర్ణించిన గ్రంథం ఆయన మరణానంతరం 1768లో వెలువడింది. నాడి మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా, చివరకు మళ్ళీ వేగంగా కొట్టుకుంటుందని ఆయన గమనించారు. ఈ లక్షణాలు ఖాయంగా ఉన్న ఒక్కరినీ నయం చేయలేకపోయానని దాపరికం లేకుండా రాశారు. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని కనుగొన్నారు. 1891లో జర్మనీ వైద్యుడు క్వింకే వెన్ను నుండి నీరు తీసే పద్ధతిని ప్రకటించారు. జబ్బు పేరు తేల్చి చెప్పడం సాధ్యమైంది గాని, మందు లేదు.

అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్న తరువాతే ఈ బిడ్డలలో కొందరు బతకసాగారు. అయితే ఆ మందు రక్తం నుండి మెదడు నీటిలోకి సరిగా దిగదు. అందుకని కండకు ఇచ్చే ఇంజెక్షన్లు చాలక, నెలల తరబడి వెన్నులోకి కూడా సూది వేసేవారు. బతికిన వారిలో కొందరికి చెవుడు వచ్చింది. ఆ నెలలు ఆ తల్లులు ఎలా గడిపారో ఊహించుకోవలసిందే! 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. నోటితో మింగే ఈ చవక మాత్ర మెదడు నీటిలోకి సులువుగా చేరుతుంది. వెన్ను సూదుల బాధ క్రమంగా తప్పింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. పైరజినమైడ్, రిఫాంపిసిన్ దీనికి తోడయ్యాయి. తలలో నీరు పేరుకుంటే శంట్ అనే సన్నని గొట్టంతో కడుపులోకి మళ్ళించే శస్త్రచికిత్స కూడా వచ్చింది.

ఇన్ని ఉన్నా, మద్రాసులో 180 మంది పిల్లలకు ఏడాదిపాటు మందులిచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 1986లో వెలువడినప్పుడు, నాలుగింట ఒక వంతుకు పైగా మరణించినట్టు, పూర్తిగా కోలుకున్నవారు మూడింట ఒక వంతే అయినట్టు తేలింది. బిడ్డను ఏ దశలో తీసుకువచ్చారన్నదానిమీదే ఫలితం ఎక్కువగా ఆధారపడింది.

నేడు నాలుగు మందులతో మొదలుపెట్టి సుమారు 12 నెలలు వాడతారు. వాపు తగ్గడానికి మొదటి వారాలలో స్టెరాయిడ్లు ఇస్తారు. పిల్లలకు 6 నెలల గట్టి చికిత్సను కూడా 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతించింది. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.

ఇక బి.సి.జి. మాట. మన దేశంలో ఈ టీకాను 1948లో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఇది అంతగా ఆపలేదు గాని, పసివారి మెదడు క్షయను చాలావరకు నివారిస్తుంది. మనవల ఎడమ భుజం మీది చిన్న మచ్చ దానిదే. మచ్చ ఉన్నా జబ్బు అసలు రాదని మాత్రం కాదు. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే పిల్లలను కూడా పరీక్ష చేయించాలి.