బ్యాక్‌ప్రెషర్: గొట్టాల నుంచి కోడ్ దాకా

బ్యాక్‌ప్రెషర్ మొదట ప్రోగ్రామర్ల మాట కాదు, యంత్రాలతో పనిచేసేవాళ్లది. ఆవిరి యంత్రాల కాలం నాటిది. బయటికి పోవాల్సిన ఆవిరికో పొగకో దారి ఇరుకైతే అది ఎదురు తన్నుతుంది; అదే బ్యాక్‌ప్రెషర్. మసి పట్టి సైలెన్సర్ పూడుకుపోయిన బండి లాగదు. అక్కడ అది రోగం.

సాఫ్ట్‌వేర్‌లో మాత్రం మందు. డేటా వచ్చే వేగం అందుకునేవాడి వేగాన్ని మించితే క్యూ పెరిగి, మెమరీ నిండి, ప్రోగ్రామ్ కూలుతుంది. "కాస్త ఆగు" అన్న కబురు పంపేవాడికి వెనక్కి వెళ్లాలి; ఇక్కడ బ్యాక్‌ప్రెషర్ అంటే అదే. ఇంటర్నెట్‌లో డేటా చేరవేసే టీసీపీకి 1981 ప్రమాణంలోనే ఈ ఏర్పాటుంది: ఇంకెన్ని బైట్లకు చోటుందో అందుకునే కంప్యూటర్ చెబుతూ ఉంటుంది.

నెట్‌ఫ్లిక్స్, పివోటల్, టైప్‌సేఫ్ ఇంజినీర్లు 2013 చివర్లో ఇదే ఆలోచనతో మొదలుపెట్టిన రియాక్టివ్ స్ట్రీమ్స్ అనే ప్రమాణం 2015లో 1.0గా వెలువడింది, 2017లో జావా 9లోకి ‘ఫ్లో’ పేరుతో చేరింది. డేటా అందుకునే సబ్‌స్క్రైబర్ రిక్వెస్ట్‌లో 10 అని అడిగితే, పంపే పబ్లిషర్ పదకొండోది పంపకూడదు. మళ్లీ అడిగేదాకా ఆగాల్సిందే. పగ్గాలు అందుకునేవాడి చేతికివ్వడమే ఇందులోని అసలు అందం.

కానీ అన్నిటినీ ఇలా ఆపలేం; మౌస్ కదలికల్ని ఆగమనలేం కదా! అలాంటిచోట వచ్చినవాటిని దాచుకోవాలి, పారేయాలి, లేదా తాజాది ఒక్కటే ఉంచుకోవాలి. బ్యాంకు లావాదేవీలైతే పారేసే ప్రశ్నే లేదు.