అందరి చూపు కోసం లేచిన బురుజు

కొండ కొమ్మున బురుజు కనిపిస్తే శత్రువు జాడ కనిపెట్టడానికే కట్టారనుకుంటాం. ఇంగ్లండ్‌లోని సర్రేలో, లీత్ హిల్ మీదున్న బురుజు కథ వేరు. చుట్టూ పరుచుకున్న నేలను కళ్లారా చూడటానికే అది పుట్టింది.

కొండ దిగువన లీత్ హిల్ ప్లేస్ అనే భవంతి ఉంది. దాని యజమాని రిచర్డ్ హల్ 1765లో ఈ బురుజు పూర్తి చేయించి ప్రాస్పెక్ట్ హౌస్ అని పిలిచాడు. కొండ ఎత్తు 965 అడుగులు, బురుజు 64 అడుగులు. రెండూ కలిస్తే వెయ్యి దాటేస్తాయి. లోపల రెండు గదులను పొందికగా అమర్చి, వచ్చినవారికి దూరాలు చూడటానికి చిన్న దుర్భిణులు కూడా ఇచ్చేవాడు. తన ఆనందం కోసమే కాక ఇతరుల ఆనందం కోసం కూడా కట్టించానని తలుపు మీద లాటిన్‌లో చెక్కించాడు. నా మటుకు ఆ బురుజులో అన్నిటికన్నా విలువైన రాయి అదే. డబ్బున్నవాళ్లు విలాసానికి గోపురాలు కట్టుకోవడం ఆ కాలంలో మామూలే. దారిన పోయేవారిని పైకి పిలవడం మాత్రం పెద్ద మనసు.

1772లో హల్ చనిపోతే, ఆయన కోరిక ప్రకారం బురుజు కిందే పాతిపెట్టారు. ఆ తర్వాత పట్టించుకునే నాథుడు లేడు. సామాన్లు, తలుపులు, కిటికీలు ఊడబెరుక్కుపోయారు. పాడుబడ్డ కట్టడాన్ని చివరికి రాళ్లూ కాంక్రీటుతో నింపి, ద్వారం మూసేశారు. మరి పైకి ఎక్కేదెలా? వాటన్ ఎస్టేటుకు చెందిన ఎవెలిన్ 1864లో పక్కనే మెట్ల కోసం మరో సన్నని బురుజు కట్టించి, దారి తెరిచాడు. ఇవాళ మనం ఎక్కే మెట్లు అవే, అసలు కట్టడం కన్నా దాదాపు వందేళ్లు చిన్నవి. 1923 నుంచి బురుజు నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది.

లండన్ నుంచి రైల్లో హోమ్‌వుడ్‌లో దిగి, కోల్డ్‌హార్బర్ ఊరి మీదుగా అడవి దారిన నడిచి చేరుకోవచ్చు. కోల్డ్‌హార్బర్ దాటాక ఎక్కుడు పిక్కలు పట్టేస్తుంది, తొందరపడకండి. పైనుంచి ఉత్తరాన లండన్, దక్షిణాన సౌత్ డౌన్స్ కొండలు కనిపిస్తాయి. మబ్బూ మంచూ లేని రోజైతే ఆ కొండల సందులోంచి ఇంగ్లిష్ చానల్ నీళ్లు కూడా కనబడతాయి.

ఓపికుంటే దిగేటప్పుడు హల్ భవంతినీ చూడండి. తర్వాతి కాలంలో అక్కడ చార్లెస్ డార్విన్ అక్క కెరొలిన్ కాపురముండేది. ఆమె ఇంటికి వచ్చిపోతూ డార్విన్ ఆ నేలలోనే వానపాముల పని తీరును పరిశీలించాడు.