‘అజేయులు’ ఎవరు?

కష్టాల్లో పెరిగి నిలదొక్కుకున్న మనిషి కథ రాసేటప్పుడు మన రచయితలు అతని మనోబలాన్నే కీర్తిస్తుంటారు. ఈ ధోరణిని తేల్చుకోవడానికి కవాయ్ దీవి చరిత్ర ఉపకరిస్తుందని నేననుకుంటున్నాను.

హవాయిలోని ఆ దీవిలో చెరకు, అనాస తోటల కూలీలెక్కువ. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని పరిశోధకులు నలభయ్యేళ్ల వయసు దాకా గమనించారు. వారిలో సుమారు మూడో వంతు పేదరికం, ఇంటి కలహాలు, తల్లిదండ్రుల మానసిక వ్యాధి వంటి వాటి మధ్య పెరిగినవారు. వీరిలో ప్రతి ముగ్గురికీ ఇద్దరు పద్దెనిమిదేళ్లలోపే చదువులోనో ప్రవర్తనలోనో మానసికంగానో దెబ్బతిన్నారు. తక్కిన 72 మంది సమర్థులుగా ఎదిగారు.

‘పేదరికం అడ్డు కాద’ని దీన్నుంచి తీర్మానించేవారు దెబ్బతిన్న ఇద్దర్నీ లెక్కలోంచి తీసేస్తున్నారు. మరి మూడోవాడు? స్వభావం కొంత తోడ్పడింది, నిజమే. కాని అతని పక్కన అమ్మమ్మో, అక్కో, పంతులమ్మో నిలబడి ఉంది. యవ్వనంలో తడబడినవారిలోనూ చాలామంది ముప్పయ్యేళ్లకు కోలుకున్నారు. స్థానిక కళాశాల, ఉద్యోగం, మంచి దాంపత్యం వారికి రెండో అవకాశమిచ్చాయి.

1982లో ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ ఈ పిల్లలపై రాసిన పుస్తకం పేరులో ‘అజేయులు’ అనే మాట ఉంది. 1992 నాటి పుస్తకం పేరులో అది లేదు. ఆ మాట పిల్లవాణ్ణి పొగుడుతుంది, అమ్మమ్మను మరుగుపరుస్తుంది. ప్రజాధనంతో నడిచే బడుల్ని మూసేసి, పిల్లల్ని ధైర్యంగా ఉండమనే పాలకులకు అలాంటి మాటలే కావాలి. మన కథలు వారికి వాటిని అందించకూడదు.